వాకిట నిలిచిన వీపు



ఈ నెల నేను వ్రాస్తున్నది ప్రసంగము కాదు. ఒక ఒప్పుకోలు. మా జువ్వలదిన్నె సంఘములో కొందరికి ఈ సంగతి తెలుసు. తెలియనివారు కూడ తెలుసుకొని, నేను చేసిన తప్పు మరియొక కాపరి చేయకుండునట్లు, మరియొక బిడ్డ కన్నీరు కార్చకుండునట్లు దీనిని వ్రాస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చింది. మందిరము తలుపులు మూతబడినవి. బోట్లు ఒడ్డున వరుసగా నిలిచిపోయినవి. ఎన్ని తుఫానులు వచ్చినా ఆదివారము ఆరాధన మానని మా సంఘము ఎవరి ఇంట వారు కూర్చుండిపోయింది. అప్పుడు నాకొక ఆలోచన కలిగింది. సండేస్కూలు ఉపాధ్యాయులుగా తయారు కాగోరే యౌవనస్థులకు, ఆసక్తిగల పెద్దలకు ఫోనులోనే తరగతులు జరపాలి. పన్నెండు వారముల పాఠములు, ప్రతి శనివారము ఒక చిన్న పరీక్ష, చివరకు సర్టిఫికెట్. జూన్ నెలలో మొదలుపెట్టాము. మా ఊరి వారు, బిట్రగుంట, కావలి వైపు సంఘముల వారు కలిసి 31 మంది చేరారు. బైబిలు కాలేజీలో డిప్లొమా చదివిన దినముల నాటి నోట్సు బయటకు తీసి, నా చేతివ్రాతతో తెల్లకాగితముల మీద పాఠములు వ్రాసి, ఫోటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడను. ఒక్కొక్క పాఠము ఆరేడు ఫోటోలు. అందరు మెచ్చుకున్నారు. నాలో కొంత అతిశయము కూడ కలిగింది.

చేరినవారిలో మా సంఘపు ఆడబిడ్డ ఒకామె ఉన్నది. అప్పటికి ఇరవై రెండేండ్లు. పసితనములోనే జబ్బుచేసి రెండు కన్నుల చూపు పోయింది. ప్రభుత్వ అంధుల పాఠశాలలో బ్రెయిలీ చదివి పదవ తరగతి పాసయింది. పక్కన వ్రాసిపెట్టే మనిషిని పెట్టుకొని ఇంటర్మీడియట్ కూడ పూర్తి చేసింది. తండ్రి వేటకు వెళతాడు, తల్లి గంప నెత్తిన పెట్టుకొని చేపలు అమ్ముతుంది. ఆ బిడ్డకు కీర్తనలు ఎన్నో నోటికి వచ్చు. నేను ప్రసంగములో ఒక అధ్యాయము సంఖ్య తప్పు చెబితే, ఆరాధన ముగిసిన తరువాత మెల్లగా దగ్గరకు వచ్చి సరిదిద్దేది.

అటువంటి బిడ్డ నుండి మొదటి వారము జవాబులు రాలేదు. రెండవ వారము రాలేదు. మూడవ వారము కూడ రాలేదు. నేను నా పుస్తకములో ఆమె పేరుకు ఎదురుగా మూడు సున్నాలు వేశాను. నాలుగవ వారము పేరే కొట్టివేశాను. అంతటితో ఊరకుండక, ఆ రాత్రి ఫోనులో జరిగిన ప్రార్థన కూటములో, పేరు చెప్పకుండానే, అందరికి అర్థమగునట్లు, "ఆసక్తి లేనివారు దేవుని పనిలో స్థలము ఆక్రమించుకొనరాదు" అని హెచ్చరించాను. ఆమె వింటూనే ఉన్నది.

మరుసటి ఉదయము ఆమె తల్లి ఖాళీ గంపతో మా వాకిట నిలబడింది. "అయ్యగారూ, రాత్రంతా బిడ్డ ఏడస్తానే ఉండాది. దానికి ఆశ లేకుండా పోలేదయ్యా. మీ పాఠం దాని ఫోన్లోకి వచ్చి మూగదై పోతా ఉండాది" అన్నది. నాకు ఆమె మాట అర్థము కాలేదు. మాస్కు కట్టుకొని ఆమె వెంట వారి ఇంటికి వెళ్ళాను.

ఆ బిడ్డ అరుగు మీద కూర్చున్నది. నన్ను నిందించలేదు. "అయ్యగారూ, ఒకసారి కళ్ళు మూసుకొని వినండి" అన్నది. మూసుకున్నాను. ఆమె ఫోను తెర మీద వేలితో కుడివైపుకు ఒక్కొక్కసారి జరుపుతూ ఉంటే, ఫోను లోపలి నుండి ఒక గొంతు పలుకుతూ ఉన్నది. గ్రూపులో ఎవరో పంపిన "వందనములు" అనే మాట పలికింది. ఎవరో పంపిన ప్రార్థన మనవి పలికింది. ఆ తరువాత నా పాఠము వచ్చింది. "ఫోటో" అన్నది. మరల జరిపింది. "ఫోటో." మరల జరిపింది. "ఫోటో." ఆరు సార్లు ఆ మాటే. నేను అర్ధరాత్రి వరకు కూర్చుండి వ్రాసిన పాఠమంతా ఆ బిడ్డకు చేరినప్పుడు ఆరు "ఫోటో"లుగా మిగిలింది.

శనివారపు పరీక్ష కూడ అంతే. ఫోనులో నింపి పంపే పత్రము ఒకటి తయారు చేశాను గాని, ప్రశ్నలను ఒక బొమ్మగా అతికించి, కింద "అ", "ఆ", "ఇ", "ఈ" అని నాలుగు గుర్తులు మాత్రము పెట్టాను. ఆమె ఫోను ఆ నాలుగు అక్షరములు చదివేది. ప్రశ్న ఏమిటో చెప్పేది కాదు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు తల్లీ?" అని అడిగాను.

"మొదటి వారమే చెప్పాలనుకున్నానయ్యగారూ. అందరూ బాగుంది బాగుంది అంటా ఉన్నారు. నా ఒక్కదాని కోసం మీకు ఇంత పని ఎందుకు పెట్టాలి అనుకున్నాను. కాని, నన్ను ఒక్క మాట అడక్కుండా నా పేరు ఎందుకు కొట్టేశారు?"

నా యొద్ద జవాబు లేదు. ఇప్పటికిని లేదు.

ఇంటికి తిరిగి వస్తుండగా లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములోని ఆజ్ఞ గుర్తుకు వచ్చింది. చూపులేనివాని నడకకు ఆటంకము కల్పించరాదని, వినలేనివానిని తిట్టరాదని ఆ చోట దేవుడు నియమించాడు. దాని మీద నేను రెండు సార్లు ప్రసంగించాను. ఆటంకము అనగా రాయి, దుంగ, గొయ్యి అని చెప్పాను. కాగితపు ఫోటో కూడ రాయి కాగలదని నాకు తోచలేదు. ఆ రాయి వేసినవాడను నేనే. అది తట్టుకొని పడిపోయినందుకు తిట్టినవాడను కూడ నేనే.

మరియొక సంగతి నన్ను ఇంకను బాధించింది. ఇరవై యేండ్ల క్రితము బైబిలు కాలేజీలో నా గదిలో ఉన్న సహోదరునికి చూపు లేదు. రాత్రి భోజనము తరువాత నేను ఆ దినపు నోట్సు బిగ్గరగా చదివేవాడను, ఆయన బ్రెయిలీ పలక మీద మొనదేలిన కడ్డీతో టక్ టక్ మని పొడిచి వ్రాసుకొనేవాడు. పలక మీద కుడి నుండి ఎడమకు వ్రాసి, కాగితము తిరగవేసి ఎడమ నుండి కుడికి తడుముతూ చదివేవాడు. ఆయనకు చదివి వినిపించుట వలననే నేను పరీక్ష పాసయ్యాను. అప్పట్లో కాగితమునకు నోరు లేదు గనుక మనిషి నోరు కావలసి వచ్చింది. ఇప్పుడు ఫోనుకు దేవుని దయవలన నోరు వచ్చింది. ఆ నోటికి నేను ఫోటో అనే గుడ్డ కట్టాను.

మార్కు సువార్తలో పక్షవాయువుగల మనుష్యుని నలుగురు మోసుకొని వచ్చిన వృత్తాంతము మనకందరికి తెలుసు. ఆ నలుగురి విశ్వాసమును గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. కాని వాకిట నిలిచినవారిని గూర్చి ఎవరైన ఆలోచించామా? వారు దుష్టులు కారు. ప్రభువు మాటలు వినడానికి ఆశతో వచ్చినవారే. వారి ముఖములు ప్రభువు వైపు ఉన్నవి. అయితే వారి వీపులు బయటి మనిషికి గోడ అయినవి. ఒక్కరైనను వెనుకకు తిరిగి చూచి ఉంటే, ఆ ఇంటి కప్పు విప్పవలసిన పనిలేదు. నా పాఠముల పని కూడ అట్టిదే. నా ముఖము పరిచర్య వైపే ఉన్నది. నా వీపు ఆ బిడ్డ వైపు ఉన్నది.

ఆ ఆదివారము ఫోను కూటములో సంఘమంతటి ఎదుట నా తప్పు ఒప్పుకొని క్షమాపణ అడిగాను. ఆమె పేరు మరల వ్రాశాను. ఇక ఫోటోలు మానివేసి, పాఠమంతా నా గొంతుతో చెప్పి ఆడియోగా పంపడము మొదలుపెట్టాను. సమస్య తీరిపోయిందని సంతోషించాను.

రెండు వారములు గడిచినవి. ఒక సాయంత్రము మా సంఘములో వలలు బాగుచేసే సహోదరుడు వచ్చాడు. ఆయనకు పుట్టుకతోనే వినికిడి లేదు. బధిరుల పాఠశాలలో కొంతకాలము చదువుకున్నాడు. నా చేతివ్రాత పాఠములను కూడబలుక్కొని చదివి, మొదటి నాలుగు వారములు అందరికంటె ముందు జవాబులు పంపినవాడు. జేబులో నుండి కాగితము తీసి నా చేతిలో పెట్టాడు. "అయ్యగారు, ఇప్పుడు పాఠము లేదు. గీత మాత్రము ఉంది" అని వ్రాసి ఉన్నది. ఆయన చెప్పిన గీత ఆడియో సందేశము తెర మీద కనబడే గీత. ఒకరికి తలుపు తీయబోయి మరియొకరి తలుపు మూశాను!

అదే వారములో మా సంఘ పెద్ద ఒకాయన ఫోను చేశాడు. పక్షవాతము వచ్చి ఆయన కుడిచేయి సరిగా లేవదు. పరీక్ష 20 నిమిషములలో పంపవలెనని నేను నియమము పెట్టాను. "అయ్యా, నా వేలు అక్షరం కాడికి పోయేలోపల మీ టయిము ఐపోతా ఉండాది. నాకు జవాబు తెలుసు, వేలికే తెలవదు" అని నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను. బైబిలు జ్ఞానము పరీక్షిస్తున్నానా, వేళ్ళ వేగము పరీక్షిస్తున్నానా?

అప్పుడు నాకు తెలిసిన సంగతి ఇది. అందరికి సరిపోయే ఒక్క దారి లేదు. ఒకే పాఠము రెండు మూడు దారులలో వెళ్ళాలి. చెప్పిన మాట వ్రాతగా ఉండాలి, వ్రాసిన మాట వినబడాలి, చూపిన బొమ్మ మాటలలో చెప్పాలి, గడువు మనిషికి తగినట్లు ఉండాలి. ఈ సంగతి నేను కొత్తగా కనిపెట్టినది కాదు. ఇంటర్నెట్ ప్రమాణములు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఇందు కొరకు 1999లోనే మార్గదర్శక సూత్రములు ప్రకటించింది. 2008లో, 2018లో, 2023లో వాటిని విస్తరింపజేసింది. బొమ్మకు బదులుగా చదువదగిన మాటలు పెట్టండి, ధ్వనికి అక్షరములు జతచేయండి, ఎలుక పరికరము లేకుండ మీటలతోనే పని జరుగనియ్యండి, గడువును పెంచుకొనే వీలు ఇయ్యండి అని వాటి సారాంశము. నేను ఇంత ఆలస్యముగా నేర్చుకున్నాను.

2021లో వేట నిషేధపు దినములలో, అనగా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు పురుషులందరు ఒడ్డున ఉండే కాలములో, ఆ పాఠములు మొదటి నుండి మరల జరిపాము. ఈసారి ముందుగా ఆ ముగ్గురిని కూర్చోబెట్టుకొని ప్రతి పాఠము వారికి పంపి చూచిన తరువాతనే గ్రూపులో పెట్టాను. మేము చేసినది చెబుతాను. ఏ సంఘమైనను చేయవచ్చును, డబ్బు ఖర్చు లేదు.

మొదటిది, పాఠమును ఫోనులోనే తెలుగు అక్షరములతో టైపు చేశాము. నాకు టైపు వేగముగా రాదు గనుక మైకు గుర్తు నొక్కి మాటలు చెబితే ఫోనే వ్రాసింది, తప్పులు దిద్దుకున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉన్నది. మన ప్రెస్సులలో డీటీపీ పనికి ఎన్నో యేండ్లుగా వాడుతున్న పాత తెలుగు ఫాంట్లు కంటికి తెలుగుగా కనబడినను, లోపల అవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములే. మాట్లాడే ఫోను వాటిని చదివితే అర్థము లేని కూతలు వస్తాయి. యూనికోడ్ అనే పద్ధతిలో టైపు చేసిన తెలుగునే అది తెలుగుగా చదువుతుంది.

రెండవది, ఆ వ్రాతపాఠముతో పాటు అదే పాఠము ఆడియోగా పంపాము. చదువు అంతగా రాని తల్లులు కూడ దీనివలన పాఠములు విన్నారు. వీడియో కంటె ఆడియో తేలిక గనుక సిగ్నలు తక్కువగా ఉన్నచోట కూడ అందింది.

మూడవది, బొమ్మలు. పౌలు మొదటి సువార్త ప్రయాణపు పటమును అదివరకు ఫోటోగా పెట్టి "పటము చూడుడి" అని వ్రాశాను. ఈసారి మాటలలో చెప్పాను. సిరియాలోని అంతియొకయ సముద్రమునకు కొంత దూరమున లోపలనున్న పట్టణము, దాని రేవు సెలూకయ, ఆ రేవులో ఓడ ఎక్కి పడమటగా సముద్రములోనున్న కుప్ర ద్వీపమునకు పోయారు, దానిని తూర్పు నుండి పడమటకు దాటి, మరల ఓడ ఎక్కి ఉత్తరపు ఒడ్డుకు చేరారు అని వివరించాను. ఆ బిడ్డ వెంటనే, "ఐతే అయ్యగారూ, సెలూకయ మన రేవులాంటిదా?" అని అడిగింది. ఆమె తండ్రి పక్క నుండి, "ఏ గాలికి పోయినారు?" అన్నాడు. పటము చూచినప్పుడు నోరు మెదపని మా పల్లెవారందరు ఆ దినము ఓడలు, గాలులు, ఒడ్డులు అని గంటసేపు మాట్లాడుకున్నారు. చూపులేని ఒక్క బిడ్డ కొరకు వ్రాసిన మాటలు చూపుగల ముప్పది మందికి పటమును విప్పి చూపినవి.

నాలుగవది, పరీక్షలో ప్రశ్నను బొమ్మగా కాక అక్షరములతోనే పెట్టాము. గడువు 20 నిమిషములకు బదులుగా రెండు దినములు ఇచ్చాము. జవాబు టైపు చేయలేనివారు నోటితో చెప్పి పంపవచ్చునన్నాము. మా సంఘ పెద్ద 12 పరీక్షలలోను మొదటి ముగ్గురిలో నిలిచాడు!

వినికిడి లేని సహోదరుని విషయములో మాత్రము మేము చేసినది చాలదని ఒప్పుకోవాలి. పుట్టుకతో వినలేనివారిలో అనేకులకు చేతి సైగల భాషయే మొదటి భాష, వ్రాత తెలుగు రెండవ భాష. మా సంఘములో సైగల భాష వచ్చినవారు ఆయన తప్ప మరెవరు లేరు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు ఆయన యొద్దనే నేర్చుకుంటున్నారు. శిష్యునిగా చేరినవాడు ఉపాధ్యాయుడయ్యాడు.

ప్రియులారా, ఇది ఒక్క జువ్వలదిన్నె సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించింది. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. ముద్రణలోను, ధ్వనిలోను, ఎలక్ట్రానిక్ సాధనములలోను వచ్చే సమాచారము వారు ఉపయోగించుకొనగల రూపములో ఉండునట్లు ప్రభుత్వములు చూడవలెనని ఆ చట్టపు 42వ సెక్షను చెబుతున్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకొనగలుగుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించే హక్కులో భాగమేనని తీర్పు ఇచ్చింది. నేను కొట్టివేసిన పేరు ఒక బిడ్డ ఆశ మాత్రమే కాదు, ఆమె హక్కు కూడ.

సహాయములు కూడ లేకపోలేదు. కంప్యూటరు తెర మీది అక్షరములను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. దానిని ప్రారంభించిన యువకులు ఇద్దరికిని చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అనే సౌకర్యము సెట్టింగ్స్‌లోనే ఉన్నది. ముద్రిత పుస్తకములు చదువలేనివారి కొరకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయము 2016లో మన దేశములో ప్రారంభమైంది. పాఠ్యపుస్తకములను భారతీయ సైగల భాషలోనికి మార్చుటకు 2020 అక్టోబరులో ఎన్‌సీఈఆర్‌టీ ఒప్పందము చేసుకున్నది.

మచిలీపట్నము దగ్గరి సీతారామపురములో చూపులేకుండ పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారి సంగతి చాలామంది వినియుంటారు. పదవ తరగతి తరువాత సైన్సు చదువనియ్యమంటే ఆయన కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠ్యపుస్తకములను ఆడియోగా మార్చి ఇస్తే విని చదివి, అమెరికాలోని ప్రఖ్యాత ఎంఐటీ విశ్వవిద్యాలయము వరకు వెళ్ళాడు. ఆయన తెలివి కోర్టు తీర్పుకు ముందును ఉన్నది, తరువాతను ఉన్నది. మారినది తలుపు మాత్రమే.

మన సంఘముల చరిత్రలో కూడ దీనికి పునాది ఉన్నది. మన దేశములో అంధుల కొరకు మొదటి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో ఆరంభించినది ఆనీ షార్ప్ అనే మిషనరీ స్త్రీ. ఇంటింటికి వెళ్ళి పిల్లలను అడుక్కొని తెచ్చే కాలము కాదు ఇది. పిల్లలు తామే వచ్చి మన గ్రూపులలో చేరుతున్నారు. చేరిన తరువాత వారికి వినబడేది "ఫోటో, ఫోటో" అయితే ఆ పూర్వికుల వారసులమని మనమెట్లు చెప్పుకోగలము?

ఆ బిడ్డ 2021లో 12 పాఠములు పూర్తిచేసి మా సండేస్కూలులో ఉపాధ్యాయురాలైంది. కథ ఇంతటితో ముగిస్తే మీకు సంతోషముగా ఉండును గాని, సత్యము చెప్పాలి. రెండేండ్ల తరువాత ఆమె ఒక విద్యాసంస్థ వారి ఆన్‌లైన్ కోర్సుకు దరఖాస్తు చేయబోయింది. మొదటి పేజీలోనే వంకర టింకర అక్షరముల బొమ్మ పెట్టి, అందులో ఏమున్నదో టైపు చేసి నీవు మనిషివేనని నిరూపించుకొమ్మన్నది. "అయ్యగారూ, నేను మనిషిని కాదంట!" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఏడుపుకంటె కష్టముగా ఉన్నది.

నేను ఆ సంస్థకు ఫోను చేశాను. మాట్లాడిన వ్యక్తి మర్యాదగానే, "ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదండీ" అన్నారు. నాకు కోపము రాలేదు. మూడేండ్ల క్రితము నన్ను అడిగితే నేను చెప్పవలసిన జవాబు కూడ అదే. తలుపు దాటలేనివారు లోపలికి వచ్చి ఎట్లు అడుగుతారు? ఉత్తరము వ్రాశాము, చట్టము సంగతి వినయముగా జ్ఞాపకము చేశాము, ఏమేమి మార్చవలెనో వరుసగా వ్రాసి పంపాము. కొన్ని నెలల తరువాత ఆ బొమ్మ అక్షరములకు బదులు వినే ఏర్పాటు పెట్టారు. సగము పాఠములు చదువదగిన అక్షరములలోనికి వచ్చినవి. మిగిలిన సగము నేటికిని పుస్తకపు పేజీల ఫోటోలే. మా యౌవనస్థులు ఇద్దరు వారమునకు ఒక పాఠము చొప్పున టైపు చేసి ఆమెకు ఇస్తున్నారు. ఇట్లు నకలు చేయుట తప్పేమోనని వారు భయపడితే, 2012లో సవరించిన కాపీరైటు చట్టము దివ్యాంగుల చదువు కొరకు లాభాపేక్ష లేకుండ చేసే ఇట్టి పనికి అనుమతి ఇచ్చినదని చెప్పి ధైర్యపరచాను. ఈ విషయమై దేశముల మధ్య జరిగిన మరకేష్ ఒడంబడికను 2014లో అందరికంటె ముందుగా ఆమోదించినది మన భారతదేశమే.

ఆమె ఇంకను చదువుతున్నది. ఎప్పటికి పూర్తి అవుతుందో ప్రభువునకే తెలుసు.

ఈ పత్రిక చదివే కుటుంబములకు నాదొక మనవి. మీ ఇంట, మీ వీధిలో చూపు, వినికిడి, చేతి సత్తువ తక్కువైనవారు ఉంటే, "నీకు చదవాలని ఉన్నదా?" అని అడగండి. ఫోను కొనియిచ్చి ఊరకుండక, దానిని మాట్లాడించే విధము నేర్పండి. తోటి కాపరులకు, సండేస్కూలు పెద్దలకు మనవి. ఆన్‌లైన్‌లో ఏదైన పాఠము పెట్టుటకు ముందు ఒక్కసారి కళ్ళు మూసుకొని దానిని వినండి. తరువాత చెవులు మూసుకొని దానిని చూడండి. రెండు విధముల అందితేనే పంపండి. ఎవరైన జవాబు ఇయ్యకపోతే సున్నా వేయకముందు వారి ఇంటికి వెళ్ళండి. సంపాదకులకు కూడ వినయముగా మనవి చేస్తున్నాను. ఈ మాసపత్రికను ఫోనులలో పంపేటప్పుడు పేజీల బొమ్మలతో పాటు చదువదగిన యూనికోడ్ అక్షరములలో కూడ పంపండి. ఈ వ్యాసము ఎవరిని గూర్చి వ్రాశానో ఆ బిడ్డ దీనిని తానే చదువుకోవాలి గదా!

వాకిట నిలిచిన మనమందరము ఒక్కసారి వెనుకకు తిరిగి చూచునట్లును, మన వీపుల వెనుక మంచము మోసుకొని నిలిచినవారికి త్రోవ ఇచ్చునట్లును ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.